వంటింటి వేడి

మా ఆయన తేదీలు చూసి చిక్కుడుకి నీళ్ళు పెట్టే మనిషి కాదు. విత్తిన రోజు నుంచీ థర్మామీటరులో మధ్యాహ్నపు ఎండనీ తెల్లవారుజాము చలినీ చూసి, రెండూ కలిపి సగం చేస్తారు. అందులోంచి పది తీసేస్తారు. మిగిలిందే ఆ రోజు మొక్క ఒంటబట్టించుకున్న వేడి అంటూ నోటుబుక్కులో కూడుతూ పోతారు. మొత్తం ఆరువందలకు చేరితే పూత మొదలవుతుందట. పదకొండేళ్ళలో ఆ లెక్క తప్పిన ఏడాది లేదు, ఆ గొప్ప నేను వినని ఏడాదీ లేదు.

ఈసారి వాన ముఖం చాటేసింది. తొట్టిలో ఒక్క తడికి సరిపడా నీళ్ళే మిగిలాయి. ముందే పెట్టేస్తే పూత వేళకి నేల ఎండి పువ్వులన్నీ రాలిపోతాయి. అందుకే ఆ ఆరువందల కోసం ఇద్దరం కాచుకుని కూర్చున్నాం.

సోమవారం పొద్దున మొత్తం ఆరువందలు దాటింది, మోటారు వెయ్యమన్నారు. చేలో చూస్తే ఒక్క మొగ్గ లేదు. ఆ మాటే చెప్పాను. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నా కళ్ళజోడు మార్చుకోమన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని నేను మోటారు వెయ్యకుండా పుస్తకం లాక్కున్నాను.

నాకు లెక్కలు రావు గానీ నా వంట నాకు తెలుసు. టమాటాలు రోజంతా ఉడికించిన రోజుల్లో రోజువారీ అంకె ఎగిరింది. నేను మా అక్క ఇంట్లో ఉన్న మూడు రోజులూ దిగింది. ఇన్నేళ్ళూ థర్మామీటరు చేను మధ్య కొయ్యకి వేలాడేది. ఈ ఏడాది మోకాలి ఆపరేషనయ్యాక అంత దూరం నడవలేక, దాన్ని వంటింటి కిటికీ బయట కట్టి పక్కనే కుర్చీ వేసుకున్నారు.

“ఇది చేను తిన్న వేడి కాదండీ, నా పొయ్యిది,” అన్నాను.

ఆయన పేజీలు వెనక్కి తిప్పి చూసుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. వరండా స్తంభం ఉండగా, పొయ్యి సెగ తగిలేచోట ఎవరైనా కడతారా అని దెప్పాను.

“వరండాలోంచి నువ్వు కనపడవు కదా,” అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఇలాంటి మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఇంకా నాలుగు అందామనుకున్నదాన్ని, లోపలికెళ్ళి ఆయనకి టీ పెట్టాను.

ఆకులు కాస్త వాడాయి గానీ, పదో రోజుకి మొగ్గలొచ్చాయి. అప్పుడు వేశాం మోటారు. థర్మామీటరు మళ్ళీ కొయ్యకెక్కింది. రోజూ నేనే వెళ్ళి అంకె చూసొచ్చి చెబుతాను, ఆయన కిటికీ పక్కన కూర్చుని రాసుకుంటారు. కుర్చీ తియ్యమని నేననలేదు.