మళ్లీ బిగించిన నట్టు

పళ్ల డాక్టరు ఇంట్లోనే విమానం తయారుచేస్తున్నాడంటే వీధంతా పడీపడీ నవ్వింది. షెడ్డులో ఉండాల్సిన కారు ఎండలో పడింది, దాని చోట రెక్కలొచ్చి కూర్చున్నాయి. టీవీవాళ్లు కూడా జనాన్ని నవ్వించడానికే వచ్చి వీడియో తీసుకెళ్లారు. తీరా మొదటిసారి ఎగిరిన రోజే అది కూలి ఆయన కన్నుమూశాక, అదే వీడియోకి ఏడుపు సంగీతం తగిలించి నివాళి అన్నారు. సిగ్గూ ఎగ్గూ ఉండక్కర్లా!

అయినా ఆయన భార్య టీవీ ముందు కూర్చుంది. తోక దగ్గర నట్టు ఊడకుండా అడ్డం గుచ్చే పిన్ను పెట్టడం ఆయనే మర్చిపోయాడని విచారణలో తేల్చారు. ఆ మాట ఆమెకి మింగుడు పడలేదు. గ్యాస్ కట్టేశానో లేదో అని గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చే మనిషి, మర్చిపోవడమేమిటి? ఆ టీవీవాళ్లే ఏదో చేసుంటారు. అది కళ్లపడితే చాలు, వాళ్లని కడిగి పారేద్దామని కాచుకుని ఉంది.

కళ్లపడనే పడింది.

"సార్, ఆ నట్టు బిగించేది ఇంకోసారి చేయండి. మొహం ఇటు తిప్పి," అంది యాంకరమ్మ. ఆయన పిన్ను లాగి స్టూలు మీద పెట్టాడు. నట్టు వదులు చేసి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ మళ్లీ బిగించాడు.

"చూశావా! వీళ్లే! నేను చెప్పలా?" ఆమె పక్కనే కూర్చున్న కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తెరమీద ఆయన చెయ్యి పిన్ను కోసం వెళ్లింది. అప్పుడే వెనకనించి ఆమె గొంతే వినబడింది.

"ఏమండీ, వడ్డించి ఎంతసేపైంది? ఎన్నిసార్లు పిలవాలి? ఆ గోల తర్వాత చూసుకోవచ్చు, రండి!"

"వస్తున్నా, వస్తున్నా," అంటూ ఆయన చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. పిన్ను స్టూలు మీదే ఉండిపోయింది. భోంచేసి వచ్చి, పని అయిపోయిందనుకుని తోక మీద మూత బిగించేసి ఉంటాడు.

ఆమె కూతురి చెయ్యి వదిలేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ కార్యక్రమం మళ్లీ వేశారు. "వద్దమ్మా, నీకు దణ్ణం పెడతాను," అని కూతురు రిమోటు లాక్కోబోయింది. ఆమె ఇవ్వలేదు. ఆయన చెయ్యి పిన్ను వైపు కదలగానే, తన గొంతు టీవీలోంచి రాకముందే గబగబా అంది:

"తొందరేం లేదండీ. అది పూర్తి చేసుకునే రండి."

ఆయన "వస్తున్నా, వస్తున్నా" అన్నాడు.