పసుపు గీత లోపల ఒకరు

ఉర్లాలో ఇనుము కరిగించే మా భట్టీకి యంత్రం కన్ను పెట్టి ఏడాది అయింది. పైన నాలుగు కెమెరాలు, కింద ఒక తెర. భట్టీ చుట్టూ పసుపు గీత. గీత లోపల మనిషి ఉంటే యంత్రం ఇనుము పొయ్యనివ్వదు. సర్కారు పెట్టిన నియమం అది. ఇంకోటి కూడా ఉంది. యంత్రం పని ఆపితే, ఎందుకు ఆపిందో పాత కార్మికుడొకడు చూసి చెప్పాలి. ఆ మాట నేరుగా సర్కారు కంప్యూటర్లోకి పోతుంది. మిల్లువాళ్లు చెరపలేరు. ఆ చెప్పే పని నాది. అరవై నాలుగేళ్లు వచ్చినా నన్ను ఉంచింది అందుకే.

ఆ మంగళవారం పదకొండింటికి ఇనుము కరిగింది. అందరం గీత బయటికి వచ్చేశాం. ఇనుము పొయ్యడానికి ఒరగాల్సిన భట్టీ ఒరగలేదు. తెర మీద ఎర్రగా పడింది: లోపల ఒకరు.

చూశాను. తెరలో స్తంభం పక్క మూలలో మనిషెత్తు గడి గీసి ఉంది. తల తిప్పి షెడ్డులోకి చూశాను. అక్కడ ఎవరూ లేరు.

"ఎవడ్రా అది? హాజరీ ఏసుకున్నాడా?" అన్నాడు క్రేన్ నడిపే కిరణ్. వాడొక్కడే నవ్వాడు.

యంత్రం చూసే ఇంజనీరు హరీష్ బిలాస్‌పూర్ తెలుగువాడు. "గడబడ్ ఏం లేదు మావయ్యా. మీరంతా ఆ మూలని తప్పుకుని నడుస్తారు, రికార్డింగుల్లో చూశాను. అందరూ తప్పుకుంటున్నారంటే అక్కడ మనిషున్నాడని ఇది నేర్చేసుకుంది. బస్, అంతే. 'ఎవరూ లేరు' నొక్కేయండి."

నిజమే. ఆ చోటు మేం తొక్కం. షిఫ్టు ఎక్కేటప్పుడు అక్కడ చెంబుడు నీళ్లు పోస్తాం. కొత్తవాళ్లకి ఎవరూ చెప్పరు. చూసి వాళ్లూ పోస్తారు.

రెండువేల నాలుగులో అక్కడే నా తమ్ముడు జోగయ్య మీద ఇనుము పడింది. ఆ రోజు జోగయ్య డ్యూటీలోనే లేడని మిల్లువాళ్లు కాగితం రాశారు. నా చేత సంతకం పెట్టించారు. చదివే పెట్టాను. నా ఉద్యోగం నిలబడింది.

"జల్దీ మావయ్యా! వేడెక్కిపోతోంది. కరెంటు తీసేస్తే లోపలే గడ్డకట్టేస్తది. భట్టీ పోద్ది," అని తొందరపెట్టాడు హరీష్.

"ఉన్నాడు," అన్నాను.

"అరే, ఎక్కడున్నాడు?"

కిరణ్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "బాబాయ్, నొక్కీ. లేపోతే రేపట్నుంచి గేటు బయటే నువ్వు."

తెర మీద రెండు బొత్తాలు. ఎవరూ లేరు అని పచ్చది. ఉన్నారు అని ఎర్రది. నా వేలు పచ్చదాని మీదే ఆగింది కాసేపు. తర్వాత ఎర్రది నొక్కాను.

యంత్రం హిందీలో, ఆడగొంతుతో, పేరు చెప్పమంది.

"జోగయ్య. నా తమ్ముడు. ఆ రోజు డ్యూటీలోనే ఉన్నాడు. లేడని నేను పెట్టిన సంతకం అబద్ధం."

"దర్జ్ హో గయా," అంది యంత్రం. రాసుకుందన్నమాట.

తెర మీద గడి కదిలింది. స్తంభం వదిలి, భట్టీ చుట్టూ తిరిగి, మేం నడిచే దారినే మెల్లగా వచ్చింది. గీత దాటింది. ఎర్ర అక్షరాలు పోయాయి. భట్టీ ఒరిగింది. ఇనుము పారింది.

"ఇదెక్కడ నేర్చుకుంది?" అన్నాడు హరీష్. ఎవర్నీ అడగలేదు. తెర వైపే చూస్తున్నాడు.

సాయంత్రం గేటు దగ్గర నా కార్డు తీసేసుకున్నారు. టాటీబంధ్ దాకా దింపుతానని కిరణ్ బండి తీశాడు. ఎక్కాను.

"ఏటి బాబాయ్, నా వీపు మీదే కూకున్నావు? ఎనక్కి జరుగు. బోలెడు చోటుంది."

"ఆ చోటు ఉండనీ," అన్నాను.