ట్రే పట్టుకునే మొహం

రొట్టెల పిండి పిసుకుతుంటే ఎవరో తలుపు కొట్టారు. తీసేసరికి ముందు గాలి లోపలికొచ్చింది, దాని వెనక ఒక సన్నపాటి అమ్మాయి. పేరు అంతోనియా అంది, రాజధాని సాంతియాగో నుంచి వచ్చిన సినిమా డైరెక్టరట. పిండి చేతులతో నిలబడ్డ నన్ను చూసి, "అబ్బ! ఇదే మొహం. సరిగ్గా ఈ మొహమే కావాలి నాకు" అని గంతేసినంత పనిచేసింది.

నా మొహం సంగతి నాకు కొత్త కాదు. చిలీ దక్షిణపు కొసనున్న ఈ దీవిలో, మా పోర్వెనీర్ ఊరి చుట్టుపక్కల గొర్రెల కంపెనీ పాత బంగళాలు నిలబడి ఉన్నంత కాలం ఆ ఇంగ్లీషు దొరల కథలు తీయడానికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఇది ఐదో సినిమా. వెనకటి నాలుగింటిలోనూ నేనున్నాను. నల్లగౌను వేసుకుని దొరసానికి టీ ట్రే తెచ్చాను, కప్పులో పోశాను, వెళ్ళిపోయాను. ఒక్క మాట లేదు. చివర పేర్లు పడేటప్పుడు 'పనిమనిషి' అని పడుతుంది, ఒకదాంట్లో అదీ పడలేదు. అయినా లైట్లు వెలిగి అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయే ఆ క్షణం ఉంది చూశారూ, దానికోసం నా గుండె ప్రతిసారీ పెళ్ళికూతురి గుండెలా కొట్టుకుంటుంది.

"మళ్ళీ ట్రేయేనా?" అని నవ్వాడు మా ఆయన బెలార్మీనో, మధ్యాహ్నం భోజనానికొచ్చి. "సరే వెళ్ళు ముసలీ. ఎలాగూ ఖాళీగానే ఉంటావుగా."

ఖాళీగా. తెల్లవారకముందే లేచి పీతల ఫ్యాక్టరీలో నాలుగు గంటలు గుల్లలొలిచి, ఇంటికొచ్చి పొయ్యిలో కట్టెలు పెట్టి, అత్తమ్మ వాచిన కాళ్ళకి కట్లు మార్చి, పిండి కలిపి, ఇదిగో ఇతని ముందు గొర్రెమాంసం పులుసు పెట్టిన నేను ఖాళీగా ఉంటాను. ఆ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఇతనే. మొన్న లైన్లో అందరి ముందూ "ఆ మూలనున్నావిడ చేతులు నిద్రపోతున్నాయి, ఎవరైనా లేపండి" అన్నాడు. ఆడవాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అవే చేతులతో అతని చొక్కా ఉతికాను. మా అత్తమ్మ దోన్యా క్లోరిందా మరో రకం. కట్టు విప్పుతుంటే నా తల మీదుగా ఎటో చూస్తూ "మావాడు గనక నిన్ను చేసుకున్నాడు. ఆ రక్తం సంగతి మాత్రం గడప దాటకూడదు సుమా" అంటుంది. ఇరవై ఆరేళ్ళుగా అంటూనే ఉంది. మా అమ్మ కూడా అదే నేర్పింది నాకు: "ఎవరడిగినా ఉత్తరాన చిలోయె దీవి నుంచి వచ్చామని చెప్పు." మా అమ్మమ్మ చిలోయె మొహం కూడా చూడలేదు. కంపెనీ గొర్రెలు రాకముందు ఈ దీవంతా ఎవరిదో, ఆ సెల్క్‌నామ్ మనుషుల్లో పుట్టింది ఆమె.

షూటింగ్ రోజు గాలి రేకుల పైకప్పుని డప్పులా వాయిస్తోంది. దొరసాని వేషం వేసిన నటి కిటికీ పక్కన కూర్చుంది. మంచి మనిషి, పొద్దున నా గౌను హుక్కులు తనే పెట్టింది. ఆమె అనాల్సిన మాట నాకు కంఠతా వచ్చు. నాలుగు సినిమాల్లోనూ దొరసానులందరూ అన్నదే: "మేం వచ్చేనాటికి ఈ దీవంతా ఖాళీ. ఒక్క మనిషి లేడు."

మూడో టేకు. ట్రే దించాను. కెటిల్ ఎత్తాను. ఆమె ఆ మాట అంది.

నా చెయ్యి ఆగిపోయింది. అది నా గొంతేనా అనుకునేలోపే బయటికొచ్చేసింది.

"ఖాళీగా లేదమ్మగారూ."

నటి చటుక్కున తలెత్తింది. కానీ వేషంలోంచి బయటికి రాలేదు. "ఏమన్నావ్?" అంది దొరసాని గొంతుతోనే.

"మా అమ్మమ్మ ఇక్కడే పుట్టింది. ఆ వాగు పక్కన, మీ గొర్రెలు మేస్తున్నాయే, అక్కడే వాళ్ళ గుడారం ఉండేది. తుపాకులేసుకొచ్చి తోలేశారు."

ఆమె చేతిలో కప్పు సాసర్ మీద పెట్టేసింది. ఎవరూ కట్ చెప్పలేదు. చివరికి అంతోనియా కెమెరా వెనకనుంచి వచ్చింది, కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. "అమ్మా, మళ్ళీ చెప్తారా? అచ్చం ఇలాగే?"

చెప్పాను. ఇంకోసారి చెప్పాను. ప్రతిసారీ నా గొంతు కొంచెం పెద్దదైంది. వ్యాన్లో ఇంటికొస్తూ కారణం లేకుండా పకపకా నవ్వాను, నా పక్కనున్న మేకప్ అమ్మాయి కూడా ఎందుకో తెలీకుండానే నవ్వేసింది.

నాకన్నా ముందే కబురు ఇల్లు చేరింది. దోన్యా క్లోరిందా కుర్చీలో బిర్రబిగుసుకుని ఉంది. "ఊళ్ళో తలెత్తుకోనిస్తావా మమ్మల్ని?" అంది.

బెలార్మీనో అరవలేదు. "పొరపాటున నోరుజారావు. నేను చూసుకుంటాలే" అన్నాడు. ఆ నెమ్మదికే నాకు ఒళ్ళు మండింది.

అంతలో అంతోనియా కాగితాలతో వచ్చింది. మాటలున్న వేషానికి కొత్త ఒప్పందం కావాలట, నా సంతకం పెట్టాలట. బెలార్మీనో అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ ముక్క తీసెయ్యండి మేడమ్. మా ఆవిడకి సినిమాలు తెలీవు. ఏదో అలా అనేసింది."

"ఆవిడ కూడా అదే అంటే తీసేస్తాను" అని అంతోనియా నా వైపు తిరిగింది. "మీరేమంటారు?"

మీరేమంటారు! ఆ ఇంట్లో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. గట్టిగా ఎక్కడికైనా పరుగెత్తాలనిపించింది. బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పెన్ను తీసుకుని మూడు చోట్లా సంతకం పెట్టాను.

"తీసెయ్యొద్దమ్మా. ఇంకా ఒక మాట మిగిలిపోయింది. రేపు అదీ చెప్తాను."

"ఇంకేం మాట?" అన్నాడు బెలార్మీనో. అతని గొంతులో మొదటిసారి ఏదో బెదురు.

"మా అమ్మమ్మ పేరు."