గులకరాళ్ల విందు

ఉయ్యూరు పక్కన చెరుకు పండించి, ఆ పైన బెజవాడలో పవర్ టిల్లర్ల షోరూము పెట్టి పైకొచ్చిన వెంకటకృష్ణారావుకి తెలియని విషయమంటూ లేదు. తెలియనిదేదైనా ఎదురైతే, అది తెలుసుకోవలసినంత గొప్పది కాదని ఆయనకు ముందే తెలుసు. అందుకే కాబోయే వియ్యంకుడు లక్ష్మీకాంత్ ఫోన్ చేసి, బెంజ్ సర్కిల్ దగ్గర మాలిక్యులర్ గ్యాస్ట్రానమీ హోటల్ పెట్టారనీ, ఆదివారం భోజనానికి అక్కడ కలిస్తే పిల్లలు ఒకరినొకరు చూసుకున్నట్టూ ఉంటుందనీ అన్నప్పుడు, ఆ మాటకు అర్థమేమిటని అడగలేదు.

"సింగపూర్‌లో తిన్నాలెండి బావగారూ" అన్నాడు.

సింగపూర్ వెళ్లిన మాట నిజమే. డీలర్లందరినీ కంపెనీవాళ్లు తీసుకెళ్లారు. అక్కడ ఉన్నన్నాళ్లూ భార్య మాణిక్యం కట్టిచ్చిన జంతికలూ కారప్పొడీ తప్ప ఆయన మరొకటి ముట్టలేదు.

ఆదివారం వెంకటకృష్ణారావు, మాణిక్యం, కూతురు రుచిత ఒకవైపు కూర్చున్నారు. ఎదురుగా లక్ష్మీకాంత్, ఆయన కొడుకు సిద్ధార్థ. లక్ష్మీకాంత్ భార్య ఉషశ్రీ ఆ రోజు ఉపవాసమని ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఇంట్లో ముందుచూపున్న మనిషెవరో అక్కడే తెలిసిపోవలసింది.

చేతులకు నల్ల తొడుగులు వేసుకున్న వెయిటరు గాజు మూత ఎత్తగానే గుప్పున పొగ లేచింది. వరిగడ్డి పొగండీ అన్నాడతను గర్వంగా. పొలాల్లో గడ్డి తగలబెట్టొద్దని ఊళ్లో వ్యవసాయాధికారి చెప్పి చెప్పి అలిసిపోయాడు. ఇక్కడ దాన్ని గాజుగిన్నెలో పెట్టి వడ్డిస్తున్నారు. మాణిక్యం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గింది. వియ్యంకులిద్దరూ కళ్లు మూసుకుని, సంధ్యవార్చుకుంటున్నంత నిష్ఠగా ఆ పొగ పీల్చారు. పొగ పోయాక అడుగున బొటనవేలంత అప్పడం ముక్క కనిపించింది.

తరువాత ఆవకాయ నురుగు వచ్చింది, గడ్డం గీసుకోబోయి ఎవరో మధ్యలో లేచిపోయినట్టుగా. ఆ వెనకాలే గోంగూర ముత్యాలు, మనిషికి మూడు. ఆపైన పెరుగన్నాన్ని గడ్డకట్టించి దంచిన పొడి. వచ్చిన ప్రతిదాన్నీ వెంకటకృష్ణారావు అద్భుతమన్నాడు. లక్ష్మీకాంత్ అమోఘమన్నాడు. ఇద్దరి కడుపులూ టేబుల్ కింద గుర్రుమంటూ ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నాయి.

అప్పుడొచ్చింది 'కృష్ణమ్మ ఒడ్డు'. పెద్ద పళ్లెం నిండా ఇసక, ఇసకలో నున్నటి గులకరాళ్లు. వాటిలో కొన్నింటిని మాత్రమే తినాలి. అవి తినే మట్టి పూసిన బంగాళాదుంపలు, మిగతావి అలంకారం కోసం పెట్టిన అసలు రాళ్లు. ఏది ఏదో వెయిటరు చేత్తో చూపించి మరీ చెప్పాడు. ఆ సమయానికి వెంకటకృష్ణారావు, సింగపూర్‌లో ఈ రాళ్లు ఇంకా నాజూగ్గా ఉంటాయని వర్ణిస్తున్నాడు. అక్కడికి తానూ వెళ్లొచ్చినవాడిలా లక్ష్మీకాంత్ తలాడిస్తున్నాడు.

వర్ణన పూర్తిచేసి వెంకటకృష్ణారావు ఒక రాయి నోట్లో వేసుకుని గట్టిగా కొరికాడు.

కటుక్కుమంది. దవడ పన్ను సగం విరిగి గొంతులోకి జారింది. ఆ పూట ఆయన కడుపులో పడ్డ గట్టి పదార్థం అదొక్కటే. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా పరువు గల మనిషి కనుక, "కరకరలాడుతోందండీ" అన్నాడు.

బావగారు అంతగా మెచ్చుకున్నాక వెనకబడితే ఏం బాగుంటుందని లక్ష్మీకాంత్ ఇంకా పెద్దది ఎంచుకున్నాడు. ఆయన దవడ కూడా మధ్యలో ఆగిపోయింది. ముఖం ముందు తెల్లబడి, తర్వాత ఎర్రబడింది. అయినా ఉప్పు సరిగ్గా సరిపోయిందన్నాడు.

మాణిక్యం మాత్రం వెయిటరు చూపించినదే తీసుకుంది. దుంప మెత్తగా ఉడికిందని చెప్పింది. మెత్తగా అన్న మాట విని వెంకటకృష్ణారావుకి జరిగినదంతా ఒక్కసారిగా అర్థమైంది. నోరు తుడుచుకునే నెపంతో రాయిని రుమాల్లోకి దించి జేబులో పెట్టుకున్నాడు. లక్ష్మీకాంత్ రుమాలు కూడా సరిగ్గా అప్పుడే బయటికొచ్చింది.

పళ్లెం తియ్యడానికి వచ్చిన వెయిటరు ఇసకలో వెతికి, ఇబ్బందిగా నిలబడ్డాడు.

"ఏమనుకోకండి సార్, రెండు రాళ్లు తక్కువున్నాయండి."

వెంకటకృష్ణారావుకి పంటి నొప్పి కూడా మరపుకొచ్చింది. చెయ్యి జేబు మీదికి పోయింది. అప్పటిదాకా పెద్దగా నోరు విప్పని సిద్ధార్థ తలెత్తాడు.

"నేనే తీశానండీ. ముచ్చటగా ఉన్నాయని జేబులో వేసుకున్నాను. తప్పయితే బిల్లులో కలపండి."

అయ్యో ఉంచుకోండి సార్ అంటూ వెయిటరు వెళ్లిపోయాడు. రుచిత సిద్ధార్థ వంకే చూస్తోంది. అతను వేసుకున్న మంగళగిరి చేనేత లాల్చీకి జేబులే లేవు.

కారులో ఇంటికి వెళుతుండగా, తనకు ఈ సంబంధం ఇష్టమేనని రుచిత చెప్పింది. వాచిన బుగ్గ పట్టుకుని తండ్రి వెనక్కి తిరిగాడు. వాళ్లిద్దరూ నాలుగు మాటలైనా మాట్లాడుకోలేదు కదా, ఏం చూసి ఒప్పుకుంటున్నావని అడిగాడు.

"ఒక్క అబద్ధంతో నీ పరువూ వాళ్ల నాన్న పరువూ నిలబెట్టాడు నాన్నా. నువ్వు నీ ఒక్కడి పరువు కోసమే రోజుకి పది ఆడతావు."

టేబుల్ దగ్గర అందరికీ అంతా తెలుసునని వెంకటకృష్ణారావుకి అప్పుడు తెలిసింది. మాణిక్యం కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె భుజాలు మాత్రం కదులుతున్నాయి.

మర్నాడు ఆయన సూర్యారావుపేటలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే, బల్ల మీద లక్ష్మీకాంత్ కూర్చుని ఉన్నాడు. ఆయన బుగ్గా బూరెలా ఉంది. ఒకరినొకరు చూసుకుని చాలాసేపు గోడ మీది దంతాల బొమ్మను పరిశీలించారు. ఏం కొరికారని కాంపౌండరు అడిగితే, చెరుకు ముక్క అనబోయాడు వెంకటకృష్ణారావు. నోటిదాకా వచ్చిన చెరుకు అక్కడే ఆగిపోయింది.

"రాయి కొరికానండీ" అన్నాడు. తరువాత బల్ల మీద చతికిలబడి, "నేను సింగపూర్‌లో జంతికలు తిన్నాను బావగారూ" అన్నాడు.

"నేనసలు సింగపూరే వెళ్లలేదు" అన్నాడు లక్ష్మీకాంత్.

నవ్వితే దవడ లాగుతోంది, అయినా ఇద్దరూ నవ్వారు. పళ్లకు తొడుగులు పడ్డాక తాంబూలాలు పుచ్చుకుందామని అక్కడే అనుకున్నారు. శ్రావణమాసంలో పుచ్చుకున్నారు కూడా.