ముందుగా తొడగవలసిన బూటు

జ్ఞానప్రకాశం గారి జీపు ఎడమవైపు తిరిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టి నాలుగు రోజులైంది. శనివారం ఉదయం ఆయన గోనెపట్టా పరుచుకుని, డెబ్బై మూడేళ్ళ నడుమును బతిమాలుకుంటూ బండి కిందికి దూరి చూశారు. చక్రం లోపలి అంచంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. ఇంజను బలాన్ని చక్రానికి అందించే ఇరుసు కొసన ఒక కీలు ఉంటుంది. దానిలోకి దుమ్ము చొరకుండా మడతలు మడతలుగా ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. మెకానిక్కులు దానిని బూటంటారు. ఆ బూటు అరచేతి పొడవున చిరిగి నోరు తెరుచుకుని ఉంది.

ఆయన మెకానిక్ అమ్మిరాజుకు ఫోను చేశారు.

"బూటు చిరిగిందాండీ? అయితే బండి కదపకండి మాస్టారూ. ఇసక గానీ లోపలికెళ్ళిందంటే జాయింటు మొత్తం పోద్ది."

"రేపు ఉదయం నేను లంకకు వెళ్ళవలసి ఉంది, అమ్మిరాజూ."

"రేపా! నేనిక్కడ అన్నవరం కొండ మీదున్నానండి. మా చెల్లీ బావా వ్రతం చేయించుకుంటన్నారు. సోమారం పొద్దున్నే వచ్చేత్తాను. ఒక్క ఆదివారం వెళ్ళకపోతే దేవుడేం అనుకోడు లెండి."

"దేవుని తరఫున నువ్వు మాట్లాడనవసరం లేదు," అని జ్ఞానప్రకాశం గారు ఫోను పెట్టేశారు.

నిజానికి బెంగ దేవుని గురించి కాదు. గోదావరి పాయకు అవతల ఆ లంకలో రేకుల కప్పుతో ఒక చిన్న ప్రార్థన మందిరం ఉంది. పాస్టరుగారు నెలకొకసారి వస్తారు. తక్కిన ఆదివారాలు వాక్యం చదివి ఆరాధన జరిపించేది ఈయనే. వేసవిలో పాయ ఎండి పడవ నేలకు తగిలేస్తుంది. అప్పుడు రెండు మైళ్ళ ఇసుకను దాటగలిగేది నాలుగు చక్రాలూ లాగే ఈ జీపొక్కటే. మిషన్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక దానికోసమే కొన్నారు. తొమ్మిదేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు. భార్య ప్రసన్నకుమారి పోయిన మూడవ రోజు కూడా ఆదివారమే, ఆనాడూ వెళ్ళారు. పిల్లలు లేరు. వారంలో ఆరు రోజులు ఆయన రాకకోసం ఎవరూ ఏ తలుపూ తీసి ఉంచరు. ఏడవ రోజున పదకొండుమంది తీసి ఉంచుతారు. ఒక్కసారి వెళ్ళకపోతే, ఆయన లేకుండానే ఆ పదకొండుమందికీ ఆరాధన సజావుగా జరిగిపోతే, ఆ సంగతి వారికీ తెలిసిపోతుంది, తనకూ తెలిసిపోతుంది. ఆయన భయమంతా అదే.

బజారుకు ఆటోలో వెళ్ళి కొత్త బూటు, గ్రీజు, క్లాంపులు, కీలును ఇరుసుకు బిగించి ఉంచే రింగు కొన్నారు. ఇంట్లో ఆ బండి మరమ్మతు పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అచ్చులో ఉన్నదానిని అర్థం చేసుకోలేకపోవడం ఆయన జీవితంలో ఎన్నడూ జరగలేదు. పానాకు ఇనుప గొట్టం తొడిగి, దానిమీద తన బరువంతా వేసి నట్టు వదులు చేశారు. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఇరుసు బయటికి వచ్చింది. పాత రింగు అరిగి ఉండటంవల్ల నాలుగు దెబ్బలకే కీలు ఊడింది. దానిని కిరసనాయిలులో కడిగి, తుడిచి, గ్రీజు కూరి, కొత్త రింగు వేసి, ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో మెల్లగా కొట్టారు. ఠక్కుమని రింగు గాడిలో పడింది.

"పర్‌ఫెక్ట్!" అన్నారు పైకి. షెడ్డులో వినేవారెవరూ లేరు.

అప్పుడు చూశారు. కొత్త బూటు పరిచిన వార్తాపత్రిక మీద అలాగే ఉంది. కీలు కంటే ముందు ఇరుసుకు తొడగవలసినది అది. ఇప్పుడు దానికి దారి లేదు.

పుస్తకంలో ఆ వాక్యం ఉంది. గ్రీజు చేతులతో కాగితాలు పాడుచేయకూడదని, చేతులు శుభ్రంగా ఉన్నప్పుడే ఆయన తరువాతి పేజీ తెరిచి పెట్టుకున్నారు. వెనుకటి పేజీ అడుగున ఉన్న ఒక్క వరుస చదవకుండా ఉండిపోయింది. ప్రశ్నపత్రం చివరివరకు చదవండి అని ముప్పై నాలుగేళ్ళపాటు పిల్లల చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పిన మనిషాయన.

కీలు మళ్ళీ ఊడదీయాలి. కానీ కొత్త రింగు పట్టు కొత్తది. గంటసేపు కొట్టినా ఇరుసు నేలమీద దొర్లిందే గాని కీలు కదలలేదు. ఒకరు నిలువుగా పట్టుకోవాలి, ఒకరు కొట్టాలి. రెండవ మనిషి కావాలి.

రెండవ మనిషి గోడకు అవతలే ఉన్నాడు. జోగేశ్వరరావు గారిది బెల్లం టోకు వ్యాపారం. పదేళ్ళపాటు సాయంత్రాలు ఆ ఇంటి కుర్చీ ఈ ఇంటి వరండాలోనే ఉండేది. పోయిన ఏడాది మాఘంలో ఆయన కూతురు పూజిత పెళ్ళికి పిలుపు వాట్సాప్‌లో వచ్చింది. ఇంటికి వచ్చి పిలవని పెళ్ళికి జ్ఞానప్రకాశం గారు వెళ్ళలేదు. పైగా, అది శుభలేఖ కాదు, కరపత్రం అని ఎవరితోనో అన్నారు. ఆ మాట గోడ దాటింది. మాటలు ఆగిపోయి పదిహేను నెలలు.

గోడమీదినుంచి కేకవేయడం ఆయన మర్యాదకు సరిపడదు. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, వీధి గుమ్మంలోంచే వెళ్ళారు. జోగేశ్వరరావు గారి భార్య సత్యలక్ష్మి గారు తలుపు తీశారు.

"అయ్యో, మీరే వచ్చారేంటండి మాస్టారూ! వాట్సాప్‌లో ఓ ముక్క పెడితే పోయేది కదండీ."

"సహాయం అడగడానికి మనిషే రావాలండి."

లోపలినుంచి "ఎవరే?" అన్న గొంతు వినిపించింది.

"పక్కింటి మాస్టారండి," ఆవిడ వెనక్కి తిరిగి అన్నారు. "అమ్మాయి పెళ్ళికి ఇప్పుడొచ్చారు."

జ్ఞానప్రకాశం గారి చెవులు కాలాయి. వెనుదిరగాలనిపించింది. రేపటి ఇసుక గుర్తొచ్చి నిలబడ్డారు. లుంగీతో బయటికి వచ్చిన జోగేశ్వరరావు గారు సంగతంతా విని, కూర్చోమనలేదు, నవ్వనూ లేదు. "పదండి," అన్నారు.

షెడ్డులో ఆయన గొంతుక్కూర్చుని, గోనెగుడ్డ చుట్టి, ఇరుసును రెండు చేతులతో నిలువుగా పట్టుకున్నారు. జ్ఞానప్రకాశం గారు కడ్డీ ఆనించి కొట్టారు.

"గట్టిగా కొట్టండి మాస్టారూ. అది బెల్లం దిమ్మ కాదు, చిట్లిపోవడానికి."

ఇంకో పది దెబ్బలు పడ్డాయి. తల ఎత్తకుండానే జోగేశ్వరరావు గారు అన్నారు: "కరపత్రం అన్నారటగా."

అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. "అన్నాను."

"మా తమ్ముడికీ అదే పంపానండి. మా బావమరిదికీ అదే. అచ్చేయించిన కార్డులు బయటివాళ్ళకి పంచాం. కార్డుమీద మీ పేరు రాయబోతుంటే మా ఆవిడ అంది, మాస్టారికి కార్డేంటండీ, మనింటి మనిషికి, అని. ఆయ్, అదీ జరిగింది. ముందు వరసలో మీకు కుర్చీ అట్టేపెట్టామండి. ముహూర్తం దాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు."

సుత్తి గాలిలో ఆగింది.

"కానివ్వండి," అన్నారు జోగేశ్వరరావు గారు. "చేతులు లాగేస్తన్నాయి."

ఆ తరువాతి దెబ్బకు కాదు, ఆ పైదానికీ కాదు. ఎన్నో దెబ్బకో రింగు పట్టు వదిలి కీలు ఊడి గోనెమీద పడింది. జోగేశ్వరరావు గారు వార్తాపత్రిక మీది బూటు తీసి అందించారు. "ముందు ఇదాండీ?"

"ముందు ఇదే."

బూటు ఎక్కింది. కీలు ఎక్కింది. క్లాంపులు బిగిశాయి. ఇరుసును బండికి ఎక్కించి చక్రం బిగించేసరికి పొద్దు వాలింది. టీ పెడతానంటే జోగేశ్వరరావు గారు వద్దన్నారు. ఒళ్ళంతా గ్రీజయింది, స్నానం చెయ్యాలన్నారు.

"పూజిత ఎలా ఉంది?" గేటు దాకా వెళ్ళి అడిగారు జ్ఞానప్రకాశం గారు.

"కాకినాడలో ఉందండి. బాగుంది," అని ఆయన తన గుమ్మంలోకి వెళ్ళిపోయారు. కుర్చీ మళ్ళీ ఈ వరండాకు వస్తుందో రాదో ఆ నడకనుబట్టి తెలియలేదు.

ఆదివారం సందు చివర స్టీరింగు ఎడమకు పూర్తిగా తిప్పినా బండి కిక్కురుమనలేదు. అయినా కొత్త పని కదా అని ఇసుకలో నడక వేగం దాటనివ్వలేదు. చుట్టూ కనుచూపుమేర ఇసుక, మధ్యలో ఈ బండి. ఏడు గంటలకు మొదలుకావలసిన ఆరాధన. లంక చేరేసరికి ఏడూ పది. ఇంజను ఆపగానే కీర్తన వినిపించింది. రెండవ చరణంలో ఉన్నారు.

ఆయన చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. తొమ్మిదేళ్ళుగా భయపడిన పాట ఇదే. గొంతులు కలిసే ఉన్నాయి, తాళం తప్పలేదు. బండి వెనక్కి తిప్పుకోవచ్చు. తిప్పుకోవలసినంత అవమానం లోపల సిద్ధంగానే ఉంది.

గుమ్మంలో కూర్చున్న పాపాయి అనే ముసలమ్మ, ఆ పదకొండుమందిలోకీ పెద్దది, పాట పాడుతూనే లేచి బండి దగ్గరికి వచ్చింది.

"దిగరేంటండి?"

"మొదలుపెట్టేశారు," అన్నారాయన.

"అవునండి. ఏడయ్యేసరికి ఇసకలో మీ బండి కనపడింది. ఇంకేం, మాస్టారు వచ్చేసినట్టేగా అని ఎత్తుకున్నాం. రండి, రండి, మూడో చరణం దాటిపోద్ది."

ఇది గౌరవమో, మర్యాదలోపమో ఆయనకు తేలలేదు. నిన్నటి ఉదయమైతే క్షణంలో తేల్చి ఉండేవారు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. ముందున్న తన కుర్చీదాకా పోతే పాట ఆగుతుందని, గుమ్మం పక్క చాప కొసన, పాపాయి ప్రక్కన, మోకాళ్ళు మెల్లగా మడుచుకుని కూర్చున్నారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. పాడుతూనే ఉన్నారు.