కాలవ నీళ్ల కండువా

మా ఎమ్మెల్యే రామకోటేశ్వరరావును మా పేట ఆరుసార్లు గెలిపించింది. బుద్ధి లేక గెలిపించింది. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి, మూడు పార్టీల కండువాలు మార్చాడు. మార్చనిది ఒక్కటే, మా మురుగుకాలవ మాట. ప్రతి ఎన్నికల ముందూ వచ్చి శంకుస్థాపన చేస్తాడు, కొబ్బరికాయ కొడతాడు, మేము పిచ్చిమొహాల్లా చప్పట్లు కొడతాం. కాలవ మాత్రం రాదు.

మావి గుంట మగ్గాలు. నేసేవాడు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. వాన పడితే చల్లపల్లి రోడ్డు మీది నీళ్లన్నీ ముందు ఆ గుంటలోకే దిగుతాయి.

మొన్నటి వానకి మా ఆయన మల్లేశ్వరరావు మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. అది పూర్తి చేసి ఇస్తేనే మళ్లీ నూలు ఇస్తానన్నాడు మాస్టర్ వీవర్. తెల్లారేసరికి గుంట నిండి మురుగు మగ్గం మీదికెక్కింది. చీర బురదలో నానింది. ఇక ఇంట్లో పని లేనట్టే. ఆయన గుమ్మంలో కూలబడ్డాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఆ వారమే దొరగారు మళ్లీ శంకుస్థాపనకు వస్తున్నారని కబురు. మా పేటలో ఒక ఆచారం ఏడిచింది. ఆయన వచ్చినప్పుడల్లా వంతు ప్రకారం ఒక ఇంటివాళ్లు, సొంత మగ్గం మీద నేసిన బట్ట ఆయనకి కప్పాలి. ఈసారి వంతు మాది.

పేట పెద్ద తిరుపతిరావు వచ్చి, "మీ మగ్గం మునిగింది గదమ్మా సుబ్బరత్నం. విజయవాడ నుంచి శాలువా తెప్పిద్దాంలే" అన్నాడు.

"ఆచారం తప్పడమెందుకు బాబాయ్? మగ్గం మీద బట్ట ఉందిగా" అన్నాను.

మా ఆయన నా వంక చూశాడు. "కొయ్యి" అన్నాడు.

సభలో ఎమ్మెల్యే మైకు పట్టుకుని నేతన్నల కన్నీళ్లు తుడుస్తానన్నాడు. మాటలు కోటలు దాటతాయి, కాళ్లు గడప దాటవు. నన్ను పిలిచారు. మగ్గం గుంటలో ముంచి తెచ్చిన ఆ ముక్కని పిండకుండా ఆయన భుజాల మీద కప్పాను. ఇస్త్రీ చొక్కా మీద నల్లటి నీళ్లు కారాయి. పక్కనున్న ఆఫీసరు ముక్కు మూసుకున్నాడు. ఫోటోలు తీస్తున్నారు మరి, ఎమ్మెల్యే దాన్ని తీసెయ్యలేడు. చేతులు జోడించి అలాగే నవ్వుతున్నాడు, సిగ్గులేని జన్మ.

"ఇదేంటమ్మా, ఇంత తడిగా ఉంది?" అన్నాడు నవ్వు చెదరకుండా.

"మీ కాలవలో పోవాల్సిన నీళ్లేనండీ" అన్నాను, మైకులో అందరికీ వినబడేట్టు. "ఇన్నేళ్లూ మా ఇంట్లో ఉన్నాయి."

చప్పట్లు కొట్టడం మా పేటకి అలవాటేగా. ఈసారీ కొట్టారు.