పదకొండు మంది హీరోలు, ఒక బంతి

వాలీబాల్ జట్టుకు ఆరుగురు చాలు. మా సినిమాలో పదకొండు మంది హీరోలున్నారు. ఈ సంగతి మొదటిరోజే దర్శకుడికి మనవి చేసుకున్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "పోస్టర్లో పట్టారు కదా మాస్టారూ" అన్నాడు.

నేను బళ్ళో డ్రిల్లు మాస్టారిని. హీరోలకు ఆట నేర్పడానికి నన్ను పెట్టుకున్నారు. అదీ మా తాతయ్య ముఖం చూసి. సినిమా కథ, యుద్ధకాలంలో ఖైదీల శిబిరంలో ఖైదీలకూ కాపలావాళ్ళకూ జరిగిన ఆటది. ఆడినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. దర్శకుడు వారం రోజులు మా ఇంటికొచ్చి ఆయన చెప్పిందంతా రాసుకుపోయాడు.

ఆ ఆటలో బంతి లేపి ఇవ్వడం తాతయ్య పని. కొట్టేవాడు పుల్ల. మనిషి మరీ సన్నగా ఉండేవాడట, అందుకని ఆ పేరు. గెలిస్తే మర్యాదగా ఉండదని కాపలావాళ్ళు ముందే చెప్పారు. ఓడిపోదామనే అందరూ అనుకున్నారు. తీరా ఆఖరి పాయింటు దగ్గర బంతి ఎంత చక్కగా లేచిందంటే తాతయ్యకు ఒళ్ళు తెలియలేదు. "కొట్టరా!" అని అరిచాడు. పుల్ల కొట్టాడు. మర్నాడు పొద్దున హాజరు పిలిస్తే పుల్ల పలకలేదు.

తాతయ్య దర్శకుణ్ణి ఒక్కటే కోరాడు. "కొట్టమన్నది నేనేనని చూపించండి బాబూ. వాడివాళ్ళు ఎక్కడున్నారో ఏమో, చూస్తే తెలుస్తుంది. ఇన్నేళ్ళూ నాకు నోరు రాలేదు." దర్శకుడు ఆయన చేతులు రెండూ పట్టుకుని మాటిచ్చాడు. మాట ఇవ్వడంలో ఆయన్ని మించినవాణ్ణి నేను చూడలేదు.

అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాడెవడు? పదకొండు మందీ కొడతామన్నారు. లేపి ఇచ్చే వేషానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. దాంతో తాతయ్య వేషం ఎత్తేశారు. కెమెరాకు కనబడకుండా ఓ పక్కన నిలబడి బంతి నేనే విసిరాను. పుల్ల వేషం పెద్ద హీరోది. ఎగిరితే విగ్గు ఊడుతుందన్నాడు, వల కిందికి దించాం. చావమంటే చావనన్నాడు. తను చస్తే అభిమానులు కుర్చీలు విరగ్గొడతారట. సరే, చావు కూడా తీసేశారు.

ఇదంతా తాతయ్యకు చెబుదామని నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగుసార్లూ నీళ్ళు నమిలి తిరిగొచ్చాను. ఆయన గంపెడాశతో ఉన్నాడు. నాకు భయం వేసింది, అంతే.

సినిమా విడుదలైన రోజు మ్యాట్నీకి తీసుకెళ్ళాను. హాలు సగం నిండింది. ఇంటర్వెల్ తర్వాత ఆ సగంలో సగం తిరిగొచ్చారు. "ఇంతమంది ఉన్నారు, ఒక్కడికీ ఆడటం రాదేంట్రా!" అని ముందు వరసలో ఎవడో అన్నాడు. నేర్పినవాణ్ణి కనుక సీట్లో కాస్త కిందికి జారాను.

ఆఖరి పాయింటు వచ్చింది. పెద్ద హీరో మూడుసార్లు చెమట తుడుచుకున్నాడు. బంతి ఎక్కణ్ణుంచో పైకి లేచింది. నా పక్కన తాతయ్య ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"కొట్టొద్దురా! ఒరే పుల్లా, వద్దురా!"

హాల్లో నవ్వులు. "కూర్చో తాతా, వాడెలాగూ కొట్టలేడు" అన్నాడు ముందు వరసవాడు. పెద్ద హీరో కొట్టాడు. పదకొండు మందీ వంతులవారీగా కావలించుకున్నారు. తాతయ్య కూలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. ముందే చెప్పనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

తెర మీద తెల్లవారింది. హాజరు పిలిచారు.

"ఉన్నాను" అన్నాడు పెద్ద హీరో, విగ్గు సర్దుకుంటూ. తర్వాత ఇంటికెళ్ళాడు, పెళ్ళి చేసుకున్నాడు, ఒక పాట కూడా పాడాడు. లైట్లు వేశారు.

"తాతయ్యా, నీ సంగతి వాళ్ళు..." అని మొదలుపెట్టాను.

"హాజరు పలికాడు" అన్నాడాయన.

"అదంతా అబద్ధం తాతయ్యా."

"నాకు తెలీదంట్రా? అక్కడున్నది నేను." నా భుజం పట్టుకుని మెట్లన్నీ దిగాడు. కిందికొచ్చాక, "రేపు కూడా తీసుకురా" అన్నాడు.

మర్నాడు హాల్లో తొమ్మిదిమందిమి. అందులో ఇద్దరు ఎండకు తాళలేక వచ్చినవాళ్ళు. మళ్ళీ అవే చెమటలు, అవే తుడుచుకోవడాలు. బంతి లేచింది. తాతయ్య కూడా లేచాడు. ఈసారి కుర్చీ పట్టుకోలేదు. రెండు చేతులూ తల మీదికెత్తి, గొంతు చిరిగిపోయేలా అరిచాడు.

"కొట్టరా!"